ఇంజన్ నుంచి పన్నెండోది

2021 నవంబరు. బిలాస్‌పూర్ గూడ్స్ యార్డు. అప్పటికి నేను క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌ని. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే బండి చక్రాలు చూసేవాణ్ణి. రైలు అనగానే జనానికి డ్రైవరు గుర్తొస్తాడు, గార్డు గుర్తొస్తాడు, టికెట్లు అడిగే నల్లకోటు ఆయన మరీ గుర్తొస్తాడు. పట్టాల పక్కన దుమ్ములో గొంతుక్కూర్చునే మేము ఎవరికీ గుర్తురాం. దానికి నేనెప్పుడూ బాధపడలేదు లెండి. మా తాత బొబ్బిలి పక్క పల్లె నుంచి వచ్చి ఇదే యార్డులో సుత్తి పట్టాడు. ఆయన తర్వాత మా నాన్న, ఆ తర్వాత నేను.

పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. గూడ్సు యార్డులోకి మెల్లగా వస్తున్నప్పుడు మేం పట్టాలకు రెండు పక్కలా కూర్చుంటాం. ఒక్కో వ్యాగనూ మా ముందు నుంచి దొర్లిపోతూ ఉంటే చూస్తాం, వింటాం. దీన్ని రోలింగ్-ఇన్ అంటారు. చక్రం గుండ్రంగా ఉంటే దాని చప్పుడు వేరు. బ్రేకు పట్టేసి ఒకచోట అరిగి చదునైపోతే అది ఫ్లాట్ టైర్. తిరిగిన ప్రతిసారీ పట్టాను ఠక్కున కొడుతుంది. బేరింగు వేడెక్కితే హాట్ యాక్సిల్. అది సన్నగా మూలుగుతుంది, గ్రీజు మాడిన వాసన వేస్తుంది. బండి ఆగాక చక్రం చక్రం దగ్గరా ఆగి చూసి, చెడినదాని ఒంటిమీద సుద్దముక్కతో 'సిక్' అని రాస్తాం. పనంతా అయ్యాక రిజిస్టర్లో ఎక్కిస్తాం. బండి నంబరు, జబ్బు, ఇంజన్ నుంచి ఎన్నో వ్యాగన్. ఈ 'ఇంజన్ నుంచి ఎన్నోది' అనేదాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ నవంబరులో ఒక పొద్దున మా సూపర్‌వైజరు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, "పైడిరాజూ, ఈవిడ రీసెర్చ్ స్కాలర్. పైనుంచి పర్మిషన్ ఉంది. నీ దగ్గర కూర్చుంటుంది," అని అప్పజెప్పి వెళ్ళిపోయారు. పేరు హారిక. వాళ్ళది కరీంనగర్. తండ్రి బొగ్గు కంపెనీలో ఇంజనీరు, ఇల్లు నెహ్రూ నగర్‌లో. పుట్టి పెరిగింది ఇక్కడే. చదివే యూనివర్సిటీ పేరు చెప్పను. చెబితే మీరూ నాలాగే 'అబ్బో' అంటారు. మన పిల్లలు పదో తరగతి నుంచే దాని పేరు గోడమీద రాసుకుని, సీటు రాక చెరిపేసుకుంటారు, అలాంటి చోటు.

"ఏటమ్మా, అంత పెద్ద చదువు చదివి ఈ మసిలోకి ఎందుకొచ్చినావు?" అన్నాను.

"మీరు చక్రం జబ్బు చెవితోటి పట్టుకుంటరంట కదా అంకుల్. ఎట్ల పట్టుకుంటరో మెషిన్‌కి నేర్పించాలె. అదే నా పీహెచ్‌డీ."

"నానెలాగ పట్టుకుంతానో నాకే తెల్దు. నీ మెషీనుకేటి చెప్పీది?"

"అచ్ఛా, అందుకే నేనొచ్చిన," అంది నవ్వుతూ.

పట్టాల పక్కన నాలుగు మైకులు పాతింది. బండి వచ్చినప్పుడల్లా చప్పుడు రికార్డు చేసుకునేది. మేం రిజిస్టరు రాశాక దాన్ని ఫోటో తీసుకునేది. ఫలానా బండిలో పన్నెండో వ్యాగన్ సిక్ అని మా రిజిస్టర్లో ఉంటే, తన రికార్డింగులో పన్నెండో వ్యాగన్ దగ్గర చప్పుడు ఎలా ఉందో మెషిన్‌కి చూపిస్తుంది. ఇది జబ్బు, ఇది ఆరోగ్యం అని వేల చక్రాలు చూపిస్తే మెషిన్ దానంతటదే నేర్చుకుంటుందట. రెండో రోజే నన్ను అడిగింది.

"అంకుల్, ఈ నంబర్ ఎక్కడి నుంచి లెక్క?"

"ఇంజన్ నుంచేనమ్మా. ఎప్పుడైనా ఇంజన్ నుంచే."

నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసుకుంది. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మూడు నెలలు వచ్చింది. బండికీ బండికీ మధ్య టీ తాగుతూ వాళ్ళ క్యాంపస్ కబుర్లు చెప్పేది. నాకు అవి వినడం ఒక వ్యసనమైపోయింది. వాళ్ళ లైబ్రరీకి తలుపులు వేయరట. వరండాల్లో నల్లబల్లలుంటాయట, నడుస్తూ నడుస్తూ ఎవరికైనా ఆలోచన వస్తే అక్కడే ఆగి రాసేస్తారట, పక్కన 'చెరపొద్దు' అని రాసి ఉంటే వారాల తరబడి ఎవరూ ముట్టుకోరట. మెస్‌లో ఇడ్లీ మాత్రం రాయిలా ఉంటుందట. అంత గొప్ప చోట ఇడ్లీ చేతకాదని విని మా ఆవిడ సింహాచలం చాలా సంతోషించింది.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది వాళ్ళ శుక్రవారం మీటింగు. వారానికొకరు లేచి తమ పని చెప్పాలి, మిగతావాళ్ళు దాన్ని చీల్చి చెండాడాలి. ఒకసారి ఈమె గైడే, అంటే ప్రొఫెసరే, బల్లమీద ఏదో లెక్క రాస్తున్నారట. మొన్న మొన్న చేరిన ఒక పిల్ల వెనక బెంచీ నుంచి లేచి, "సార్, మూడో లైను తప్పు," అందట.

"ఓలమ్మా! అప్పుడేటయినాది?"

"సార్ కొంచెంసేపు చూసిండు. నిజమే అన్నడు. ఆమె చేతిల చాక్‌పీస్ పెట్టి, తను పోయి ఆమె జాగల కూసున్నడు."

"తర్వాత ఆ పిల్లకి ఏటయిపోనాది?"

"ఏమైతది అంకుల్? చాయ్ తాగింది."

నేను నమ్మలేదు. మా దగ్గర ఏదైనా తేడా వస్తే మొదటి ప్రశ్న ఒక్కటే, 'ఎవరి డ్యూటీ?' ఆ ప్రశ్న వినపడగానే మేమంతా తేలు కుట్టిన దొంగలమైపోతాం. ముప్ఫై ఏళ్ళ పైబడిన నౌకరీలో నేను నేర్చిన పెద్ద విద్య అదే. తప్పు జరిగితే మన పేరు బయటికి రాకుండా చూసుకోవడం. పైవాడి తప్పు చూపించడమా? రామ రామ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆఫీసరు అంటే, నాలుగో కాలు మేం తోకని చెప్పేవాళ్ళం.

ఫిబ్రవరిలో మైకులు పీక్కుని హారిక వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఫోన్లు చేసింది, తర్వాత అవీ తగ్గాయి. పెద్ద చదువులు కదా అనుకున్నాను.

మళ్ళీ వచ్చింది 2023 మే నెలలో. సరాసరి మా రైల్వే క్వార్టరుకే. చేతిలో లాప్‌టాప్, సంచిలో బొద్దుగా ఒక కాగితాల కట్ట. థీసిస్ అన్నమాట. ఇంకో పదకొండు రోజుల్లో యూనివర్సిటీకి సమర్పించాలి. మొదటి పేజీల్లో కృతజ్ఞతలు చెప్పే చోట నా పేరు చూపించి చదివింది. బిలాస్‌పూర్ యార్డులో నాకు వినడం నేర్పిన శ్రీ పైడిరాజు గారికి, అని ఇంగ్లీషులో. సింహాచలం ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను, కళ్ళు చెమర్చాయి మరి.

"ఇగ అసలు మజా నాలుగో చాప్టర్‌ల ఉంది అంకుల్," అంది.

తన మెషిన్ దాదాపు అన్ని బండ్లలోనూ జబ్బు చక్రాలను పట్టేసిందట. ఒక్క రకం బండ్ల దగ్గరే బోల్తా పడిందట. కర్గీ రోడ్ స్టేషను వైపు, అంటే కట్నీ లైనులోకి వెళ్ళే గూడ్సుల దగ్గర. ఎందుకని ఆరు నెలలు కొట్టుకుంది. ఆ గూడ్సులను మా యార్డులో చివరి లైనులోకి తీసుకుంటారు. ఆ లైను కాస్త వంపు తిరిగి ఉంటుంది. వంపులో చక్రం అంచు పట్టాకు రాసుకునే చప్పుడు కింద జబ్బు చప్పుడు మరుగున పడిపోతోందని కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు, పేజీల కొద్దీ లెక్కలు కట్టి నిరూపించింది. ప్రొఫెసరు భుజం తట్టారు. విదేశాల్లో జరిగే ఒక పెద్ద సదస్సుకు ఆ చాప్టరునే వ్యాసంగా పంపితే తీసుకున్నారు. థీసిస్ ఇవ్వగానే చేరడానికి ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం కూడా తయారుగా ఉంది.

"ఒక్క బండి వినిపిస్త. మీకు కూడ వినపడదు సూడున్రి," అని నా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది.

బండి నంబరు తెర మీద చూశాను. నాకు ఆ బండి గుర్తుంది. ఆ పొద్దున నా బూటు అడుగు ఊడిపోయింది, దాన్ని ఈడ్చుకుంటూ కంకర మీద బండి తోక దాకా పరిగెత్తాను. చెవిలో చక్రాలు దొర్లడం మొదలైంది. ఇంజను, ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. చాలాసేపటికి, ఇక బండి అయిపోతుందనగా, ఠక్, ఠక్, ఠక్. వేలెత్తాను.

"ఇదిగో. ఇదే."

"కాదంకుల్. అది నలభై ఏడోది. సిక్ అయింది పన్నెండోది."

"కాదమ్మా. ఇదే. నాను పరిగెట్టినాను గదేటి దీనికి."

"రిజిస్టర్‌ల మీ రాతే ఉన్నది. ఇంజన్ నుంచి పన్నెండు," అని ఫోటో తెరిచి చూపించింది.

రాత నాదే. పన్నెండు అన్న అంకె నాదే. బండిలో యాభై ఎనిమిది వ్యాగన్లు. ఆ కొస నుంచి పన్నెండోది ఈ కొస నుంచి ఎన్నోది? నలభై ఏడు.

సంగతేమిటో చెబుతాను. కట్నీ లైనుకు పోవాల్సిన ఆ గూడ్సులు రాయ్‌పూర్ వైపు నుంచి వస్తాయి. మళ్ళీ వచ్చిన దారి వైపే కొంత వెనక్కి వెళ్ళి లైను మారాలి. అందుకని మా యార్డులో ఇంజన్ని ముందు కొస నుంచి తీసి వెనక కొసకు తగిలిస్తారు. మేం చక్రాలన్నీ చూసి, చేతులు కడుక్కుని రిజిస్టరు ముందు కూర్చునేసరికి ఇంజను ఆ కొసకు వెళ్ళిపోయి ఉంటుంది. ఇక మీదట ఆ బండితో పని ఉన్నవాళ్ళందరికీ కావలసింది కొత్త ఇంజన్ లెక్కే. కాబట్టి 'ఇంజన్ నుంచి' అంటే పోయే ఇంజన్ నుంచి. మా తాత కాలం నుంచి ఇదే పద్ధతి. యార్డులో పుట్టిన కుక్కక్కూడా తెలుసు. అందుకే ఆ అమ్మాయికి చెప్పాలని నాకు తట్టనే లేదు. మైకులకేమో వచ్చే ఇంజనే తెలుసు.

అంటే ఆ లైను బండ్లన్నిటిలో ఆమె మెషిన్‌కి మంచి చక్రాన్ని చూపించి జబ్బు అంది, జబ్బు చక్రాన్ని చూపించి మంచిది అంది. వంపూ లేదు, మరుగూ లేదు. నాలుగో చాప్టరంతా, ఆ లెక్కలన్నీ, నేను చెప్పకుండా వదిలేసిన ఒక్క ముక్క మీద కట్టిన మేడ.

హారిక నా మొహంలోకి చూస్తోంది. పదకొండు రోజులు. ఉద్యోగం. సదస్సు.

"చెవులు ముసలివైపోనాయమ్మా," అన్నాను.

నవ్వి, టీ తాగి, సింహాచలం పెట్టిన అరిసెలు రెండు పొట్లం కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాను. "ఏటండి అలగున్నారు? పుస్తకంలో పేరెక్కినోళ్ళు ఇలాగుంతారేటి?" అంది సింహాచలం. మొత్తం చెప్పాను. విస్తరిలో వ్యాగన్ల లాగా బీరకాయ ముక్కలు పేర్చి, ఇంజను ఈ కొస, ఇంజను ఆ కొస అని చూపించాను.

"మీరు చెప్పకపోతే ఎవలికి తెలుస్తాది?"

"ఎవలికీ తెల్దు. పెద్ద పెద్దోళ్ళు చదివీసి బాగుందన్నారు."

ఆమె ఆ బీరకాయ ముక్కలను ఒక పక్కకు నెట్టింది. "తప్పున్న పుస్తకంలో మన పేరెందుకండి? పేరైనా తీయించీయండి, తప్పైనా తీయించీయండి," అని కూర మళ్ళీ వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే స్కూటరు తీసి నెహ్రూ నగర్ వెళ్ళాను. దారిలో రెండుసార్లు ఆగాను. ఒకసారి పెట్రోలు చూసుకునే వంకతో, ఇంకోసారి ఏ వంకా లేకుండా. హారిక తలుపు తీసింది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పేశాను. ఇంజను తిప్పడం, పోయే ఇంజన్ లెక్క, నేను చెప్పకపోవడం, నిన్న తెలిసీ ముసలి చెవులని బొంకడం.

కాగితం మీద పొడుగ్గా బండి బొమ్మ గీసింది. రెండు కొసలా రెండు బాణాలు వేసింది.

"చాప్టర్ ఫోర్ పోయింది," అంది మెల్లగా. కళ్ళలోంచి నీళ్ళు జారి కాగితం మీద పడ్డాయి.

నాకు పారిపోవాలనిపించింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మొహం కడుక్కుని వచ్చి లాప్‌టాప్ తెరిచింది. కర్గీ రోడ్ వైపు బండ్లు ఒక రోజువి తీసి, అంకెలన్నీ తలకిందులు చేసి మెషిన్‌కి ఇచ్చింది. తెర మీద ఏవో గీతలు పరిగెత్తాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంకుల్... అన్నీ పట్టేసింది. ఒక్కటి గూడ ఒదల్లేదు."

సిద్ధాంతం చచ్చిపోయింది, మెషిన్ బతికింది. ఆ నిమిషంలో ఆ పిల్ల మొహంలో ఏడుపూ సంతోషమూ రెండూ ఉన్నాయి. అటువంటి మొహం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

వెంటనే ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. "రేపు చేద్దువులేమ్మా, కొంచెం ఆలోచించుకో," అన్నాను. వినలేదు. స్పీకరు పెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాలుగో చాప్టరు తప్పు, సదస్సు వ్యాసం తప్పు, రెండూ వెనక్కి తీసుకోవాలి. నేను 'ఎవరి డ్యూటీ' కోసం ఎదురుచూస్తూ చెప్పులు వేసుకునే ఏర్పాట్లలో ఉన్నాను.

"నీకెలా తెలిసింది?" అని అడిగారు.

చెప్పింది. "ఆయన అక్కడున్నారా?" అన్నారు. ఫోను నా ముందు పెట్టింది. ఆయన హిందీలో మాట్లాడారు, నేనూ నా యార్డు హిందీలో మాట్లాడాను. ఇంజను ఎప్పుడు తీస్తారు, రిజిస్టరు ఎప్పుడు రాస్తారు, ఏ బండికి తిప్పుతారో రాసినవాడికి ఎలా తెలుస్తుంది, అరగంట అడిగారు. బడిపిల్లాడు అడిగినట్టు అడిగారు, తెలియనిచోట తెలియదన్నారు. మధ్యలో ఒకసారి తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆరు నెలలు ఆ వాదన విని మెచ్చుకున్నాను. ఒక్కసారైనా యార్డుకు వచ్చి చూడలేదు. తప్పులో నా వాటా పెద్దదే," అన్నారు. నిండు కుండ తొణకదంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

చివర్లో అడిగారు, "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. మరెందుకు చెప్పారు?"

సింహాచలం మాటే చెప్పాను. "అందులో నా పేరుంది సార్."

ఆయన గట్టిగా నవ్వారు. "నా పేరూ ఉంది. రండి, సరిచేద్దాం."

సరిచేయడం అంత సులువేం కాలేదు. ఆ పదకొండు రోజులు పోయాయి, వాటి వెనక ఏడు నెలలు పోయాయి. సదస్సు వాళ్ళకు ఆమె స్వయంగా ఉత్తరం రాసింది. ఎదురుచూసిన సంస్థ ఇక ఎదురుచూడలేక ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసింది. ఆ సంగతి విన్న రోజు నేను వాళ్ళ నాన్నగారికి కనపడకుండా తిరిగాను. ఆయనే ఫోన్ చేసి, "మీరు మంచి పని చేసిన్రు," అన్నారు. గొంతులో కొంచెం బరువుంది. ఉండదా మరి.

నా వారపు సెలవు రోజుల్లో ఇద్దరం పాత రిజిస్టర్ల ఫోటోలు ముందేసుకుని కూర్చునేవాళ్ళం. ఒక్కో బండికీ ఇంజను తిప్పారా లేదా అని నేను చెప్పాలి. బండి ఎటు వెళ్ళిందో చూస్తే చాలావాటికి చెప్పగలిగాను. కొన్నిటికి చెప్పలేకపోయాను. అలాంటి ఒకదాని దగ్గర, "తిప్పినారు గావాల, ఎయ్యమ్మా," అన్నాను.

"అందాజ వద్దంకుల్. తెలుసా, తెల్వదా?"

"తెల్దు."

ఆ బండిని పక్కన పెట్టేసింది. మూడు నెలలు ఎండలో కూర్చుని పోగుచేసుకున్నదాంట్లోంచి అలా ఎన్ని పక్కన పెట్టిందో. తెలియదు అన్న మాటకు అంత విలువుంటుందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

2024 జనవరిలో ఆమె వైవా. థీసిస్ రాసినవాళ్ళు అందరి ముందూ నిలబడి పరీక్షకులకు జవాబు చెప్పే రోజు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ప్రొఫెసరు నన్ను రమ్మని కబురు పెట్టారు. "నాకేటి తెలుస్తాది, మీరెళ్ళి ఆ ఇడ్లీ ఎలాగుందో చూసిరండి," అంది సింహాచలం.

వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ గేటు దగ్గర చెప్పులు దులుపుకుని లోపలికి అడుగుపెట్టాను. ఆమె చెప్పినవన్నీ నిజమే. వరండాలో నల్లబల్ల, పక్కన 'చెరపొద్దు', దాని మీద నాకు ఒక్క అక్షరం అర్థంకాని లెక్క. దాని ముందు ఇద్దరు కుర్రవాళ్ళు కొట్టుకుంటారేమో అన్నంత గట్టిగా వాదించుకుని, చివరికి ఒకడు "అచ్ఛా, నువ్వే కరెక్టు," అని రెండోవాడి సైకిలు వెనక ఎక్కి వెళ్ళిపోయాడు. లైబ్రరీలో ఒక అమ్మాయి పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. ఎవరూ లేపడం లేదు, పక్కనుంచి వెళ్ళేవాళ్ళు అడుగుల చప్పుడు తగ్గించుకుంటున్నారు. మెస్‌లో నా ముందు వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నెరిసిన జుట్టాయనే ఆ ప్రొఫెసరని తర్వాత తెలిసింది. గుళ్ళో కూడా నాకు ఒళ్ళు అలా జలదరించలేదు. ఇడ్లీ మాత్రం నిజంగానే రాయి.

హాల్లో వెనక వరసలో నక్కి కూర్చుంటే ప్రొఫెసరు వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళారు. హారిక లేచింది. తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. పొడుగ్గా ఒక గూడ్సు బండి, రెండు కొసలా రెండు బాణాలు. "ముందు నా తప్పుతో మొదలుపెడతాను," అంది.

కొత్తగా సాధించింది ఎంతో ఉంది. దాన్ని పక్కనబెట్టి, ఎక్కడ తప్పిందో, ఆ తప్పును ఎంత అందంగా నిరూపించిందో పావుగంట చెప్పింది. పరీక్షకుల్లో ఒక పెద్దావిడ అడిగారు, "ఈ తప్పు చాప్టరును థీసిస్ చివర అలాగే ఉంచావు. తీసేస్తే ఎవరికీ తెలియదు కదా?"

"ఇంకో యార్డులో ఇంకొకరు నేనడిగిన ప్రశ్నే అడుగుతారు మేడం. నాకు దొరికిన జవాబే దొరుకుతుంది. వాళ్ళకి ఇది పనికొస్తుంది," అంది.

తర్వాత ఆ బండి చప్పుడు హాలంతా వినిపించింది. "అంకుల్, ఒక్కసారి," అంది నా వైపు చూసి. లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాను. పది, ఇరవై, నలభై. ఠక్. వేలెత్తి కళ్ళు తెరిస్తే, తెర మీద మెషిన్ గీసిన ఎర్రగీత కూడా అక్కడే ఉంది. నలభై ఏడు. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చేశాను, దాచడానికేముంది. ఆ చప్పట్లు నా చెవికి కాదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని, తప్పు దొరికినందుకు సంబరపడుతుంటే చూసి తట్టుకోలేకపోయాను.

హారిక ఇప్పుడు ఇంకో ఊళ్ళో పాఠాలు చెబుతోంది. మేం ఇక్కడే, ఊరి పక్క మోప్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. థీసిస్ ప్రతి ఒకటి బీరువాలో చీరల మధ్య ఉంది. కృతజ్ఞతల దగ్గర వాక్యం మారింది. 'నాకు వినడం నేర్పినందుకు' అని ఉన్నదాని పక్కన, 'నేను తప్పని ఇంటికి వచ్చి చెప్పినందుకు' అని చేరింది.

ఒక్క సంగతి మిగిలింది. వైవా అయిన కొన్ని నెలలకు, నా రిటైర్‌మెంట్‌కు ముందు, కర్గీ రోడ్ నుంచి మా యార్డుకు మెసేజ్ వచ్చింది. మేం చూసి పంపిన ఒక గూడ్సులో వ్యాగన్ కింద బ్రేకు రాడ్డు ఒకటి వేలాడుతోందట. అక్కడి వాళ్ళు చూసి కట్టేశారు, ప్రమాదమేమీ జరగలేదు. ఆ రాడ్డు ఉన్న వైపు చూసింది నేను. ఆఫీసరు యార్డులోకి దిగారు. మేం ఏడుగురం వరసగా నిలబడ్డాం, ఏడుగురమూ మా బూట్ల వైపు చూస్తున్నాం.

"ఎవరి డ్యూటీ?" అన్నారు.

ఎప్పుడూ పడే నిశ్శబ్దమే పడింది. ఆ నిశ్శబ్దంలో ఎలా దాక్కోవాలో నాకంటే బాగా తెలిసినవాడు ఆ యార్డులో లేడు. కానీ నాకు మూడో లైను తప్పని లేచిన ఆ వెనక బెంచీ పిల్ల గుర్తొచ్చింది. ఆమెను నేనెప్పుడూ చూడనైనా లేదు.

"నాదే సార్," అన్నాను. "ఎలా తప్పిపోయిందో చూపిస్తాను."

జేబులోంచి సుద్దముక్క తీసి, పక్కనున్న వ్యాగన్ ఒంటిమీద బొమ్మ గీయడం మొదలుపెట్టాను.